గొట్టం నడుమ, గొట్టం అంచున

తెలుగు పీరియడ్‌లో ఫిజిక్స్ మాట ఎత్తితే పిల్లలు నవ్వుతారు. "మేడమ్, అది వేరే సబ్జెక్టు కదా!" అంటారు. కాదని మా వాదన.

బదిలీల మీద ఊళ్ళు తిరిగిన మేము ప్రతి బడిలోనూ ఒకటే చూశాం. మీకు పాఠానికి ఇంగ్లీషు, ఆటకు హిందీ, "అన్నం తిన్నావా" అనడానికి తెలుగు. ఇక్కడ భిలాయి నెహ్రూ నగర్‌లోనూ అంతే. అమ్మమ్మ ఫోన్‌లో "ఈరోజు బళ్ళో ఏం చెప్పార్రా?" అంటే "ఏదో సైన్స్‌లే అమ్మమ్మా" అని తప్పించుకుంటారు. తెలియక కాదు, మాట లేక.

అందుకే పోయిన నెల ఒక పని చేశాం. నిలువుగా పెట్టిన గాజు గొట్టంలో సగం దాకా గ్లిజరిన్ పోసి, పైన వేలెడు మందాన ఎర్రరంగు కలిపినది, ఆపైన మళ్ళీ మామూలుది పోశాం. కింద బిరడా కొద్దిగా వదులు చేశాం. ఎర్రపట్టీ నడుమ నాలుకలా కిందికి సాగింది. అంచులు మాత్రం గాజును పట్టుకుని అక్కడే ఉండిపోయాయి.

గోడను అంటిన పొర కదలదు, దాని వేగం సున్నా. అది పక్క పొరను వెనక్కి లాగుతుంది, ఆ పొర తన పక్కదాన్ని. గోడకు దూరమయ్యేకొద్దీ వేగం పెరిగి, నడిమధ్యన సగటుకు రెండింతలవుతుంది. గీస్తే పరావలయం. ఈ లాగుడు గుణానికి పుస్తకంలో పేరు స్నిగ్ధత, ఇంట్లో పేరు జిగట. రెండు మాటలూ మీకు రావాలి.

1840 ప్రాంతంలో పాయిజల్ అనే ఫ్రెంచి వైద్యుడు రక్తం సంగతి తేల్చుకోవాలని వెంట్రుకంత సన్నని గాజు గొట్టాల్లో నీటిని పారించి కొలిచాడు. ఒత్తిడి, పొడవు మారకుండా గొట్టం వ్యాసార్థం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతు! ఉక్కు కర్మాగారం పెద్ద పైపుల్లో నీరు ఇంత బుద్ధిగా పొరలుగా పారదు, సుడులు తిరుగుతుంది. అయినా గోడను అంటిన పొర అక్కడా కదలదు.

"పరీక్ష ఇంగ్లీషులోనే కదా" అంటారు కొందరు తల్లిదండ్రులు. నిజమే. కానీ పరీక్షకని బట్టీపట్టింది వచ్చే ట్రాన్స్‌ఫర్ నాటికి మిగలదు.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఆదివారం ఇదంతా అమ్మమ్మకు చెప్పింది, ఒక్కసారి కూడా "వెలాసిటీ" అనకుండా. ఆవిడ అంతా విని, "కాలువలో ఒడ్డున నీళ్ళు నెమ్మది, నడుమ ఉరవడి. మధ్యకు పోవద్దని మీ అమ్మను అందుకేగా కేకలేసేదాన్ని!" అందట.