శాలువా తర్వాత కప్పొచ్చు, ముందు బస్సు చార్జీ ఇవ్వండి

ఈసారి రాత కాస్త పొడుగైంది. తీరిగ్గా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే ఆదివారం మీటింగులో ఎదురుగానే తిట్టండి, పడతాం.

పోయిన వారం గ్రూపులో జరిగిన వాదన అందరూ చూశారు. మనవాళ్ల పిల్లలు ఇద్దరు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఫుట్‌బాల్ ఆడుతున్నారు. అబ్బాయి పీయూసీ చదువుతూ బెంగళూరులో క్లబ్బుల యూత్ జట్ల సెలెక్షన్లకు పోవాలంటున్నాడు. అమ్మాయి జిల్లా జట్టుకు ఆడింది, పై మెట్టు ఎక్కాలంటోంది. ఇద్దరికీ కలిపి సంఘం నిధి నుంచి ఏడాదికి ముప్పై వేలు ఇద్దామని మేము రాశాం. జవాబులు చూడండి. 'పావగడ పిల్లోడికి బెంగళూరు టీములో చోటిస్తారా?' అని ఒకరు. 'ఐటీఐలో చేర్పించండి, బాగుపడతాడు' అని ఇంకొకరు. 'ముందు టీములో చేరి రానీ, అప్పుడు స్టేజీ మీద శాలువా కప్పి ఐదు వేలు చేతిలో పెడదాం' అని ఒక పెద్దాయన. ఆ చివరి మాటకు నలభై మంది చప్పట్ల బొమ్మ పెట్టారు.

ఆ చప్పట్ల మీదే మా కోపం.

ముందు మీ వైపు ఉన్న నిజాన్ని ఒప్పుకుంటాం. కొత్త పిల్లవాడికి పెద్ద జట్టులో చోటు దొరకడం కష్టం. లెక్క వేసి చూద్దాం. 2024-25లో ఐఎస్ఎల్‌లో 13 జట్లు ఆడాయి. మైదానంలో 11 మంది, అందులో విదేశీయులు నలుగురి దాకా ఉండొచ్చు. మిగిలేది ఏడు. ఏడు పదమూళ్లు తొంభై ఒకటి. బెంచీ మీద కూర్చునేవాళ్లను, జట్టు లిస్టులో పేరు మాత్రమే ఉన్నవాళ్లను కలిపితే కొన్ని వందలు. ఇంత పెద్ద దేశానికి అంతే. అందులోనూ ప్రతి ఏడాదీ ఖాళీ అయ్యేవి కొన్నే.

చోటు దొరికినా నిలుస్తుందన్న భరోసా లేదు. 2025లో లీగు హక్కుల ఒప్పందం తేలక పోటీలే ఆగిపోయాయి. బెంగళూరు ఎఫ్‌సీ అంతటి క్లబ్బు ఆగస్టులో పెద్ద జట్టు ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు నిలిపేసింది. మన తెలుగువాళ్ల పేరు మీద ఉన్న హైదరాబాద్ ఎఫ్‌సీ అదే ఏడాది ఢిల్లీకి తరలిపోయింది. కాబట్టి ఇద్దరినీ చదువు మాన్పించి ఆటకు పంపండి అని మేము అనలేదు, అనం.

కానీ 'కష్టం' అనేది ఒక మాట, 'ఇవ్వరు' అనేది వేరే మాట. మీరు రెండోది అంటున్నారు. అది తప్పు.

శివశక్తి నారాయణన్ అనే కుర్రవాడిని చూడండి. తమిళనాడులో కారైకుడి దగ్గరి పల్లెటూరివాడు. మేము చదువుకున్నది తమిళ మీడియంలో, ఆ పక్క పల్లెలు మాకు కొత్త కాదు, అవీ మన పల్లెల్లాంటివే. ఆ పిల్లవాడు నేరుగా పెద్ద జట్టులోకి దూకలేదు. ముందు ఒక ఫుట్‌బాల్ స్కూలు. తర్వాత బెంగళూరు ఎఫ్‌సీ రెండో జట్టు, ఆ జట్టుతో బెంగళూరు సూపర్ డివిజన్. 2022లో రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ అని కుర్రవాళ్ల కోసం కొత్తగా పెట్టారు, మొదటి ఏడాది దాన్ని గెలిచింది బెంగళూరు కుర్రజట్టే. అదే ఏడాది సెప్టెంబరులో డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో ముంబై సిటీ మీద శివశక్తి గోల్ కొట్టాడు, బెంగళూరు 2-1తో కప్పు ఎత్తింది. 2022-23 ఐఎస్ఎల్‌లో వర్ధమాన ఆటగాడి అవార్డు కూడా అతనికే.

ఇందులో మనం చూడాల్సింది గోలు కాదు, గోలుకు ముందున్న మెట్లు. రెండో జట్టు లేకపోతే, సూపర్ డివిజన్ లేకపోతే, కుర్రవాళ్ల లీగు లేకపోతే ఆ పిల్లవాడు ఎంత ఆడినా ఎవరికి కనపడేవాడు? ఇంకో సంగతి. 2021-22లో ఐఎస్ఎల్ ఒక నియమం బిగించింది. ప్రతి క్లబ్బు కనీసం నలుగురు కుర్ర ఆటగాళ్లను తీసుకోవాలి, మ్యాచ్ రోజు లిస్టులో ఇద్దరైనా ఉండాలి. అంటే చోటు కొంత ఆటతో వస్తుంది, కొంత నియమంతో వస్తుంది. క్లబ్బులు దయ తలచి ఇవ్వవు, ఇవ్వక తప్పని ఏర్పాటు ఉంటే ఇస్తాయి.

'అది అబ్బాయిల సంగతి, అమ్మాయికి ఎందుకు' అన్నవారికి ఒక్క పేరు చెబుతాం. గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల, మన తెలుగు గడ్డ పిల్ల. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. తర్వాత ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడి 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. ఆమె తండాలో 'నీకు యూరప్ జట్టులో చోటిస్తారా' అని నవ్విన పెద్దమనిషి ఎవరైనా ఉంటే, ఇప్పుడు శాలువా పట్టుకుని ముందు వరసలో నిలబడి ఉంటాడు.

ఇక పాత సంగతికి వద్దాం. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామ్ పేరు పెద్దవాళ్లకు గుర్తుండాలి. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడినవాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టువాడు. ఆయన్ను ఏరి పట్టుకున్నది కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ప్రాక్టీసుకు రమ్మంటే, అమ్ముగూడ నుంచి హైదరాబాద్ రావడానికి నా దగ్గర డబ్బు లేదన్నాడట బలరామ్. రహీం సాబ్ 'ముందు టీములో చేరి రా, అప్పుడు శాలువా కప్పుతా' అనలేదు. సైకిల్‌కు దారి చూపించాడు. ఆ సైకిల్ లేకపోతే రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద కొట్టిన గోళ్లు లేవు.

ఆ రోజుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. అది పోలీసు శాఖ జట్టు. మన రైల్వే జట్లూ అలాంటివే. బలరామ్ చివరికి ఆడింది బీఎన్ఆర్‌కు, అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే పేరు మీది జట్టుకు. బెంగళూరులో ఐటీఐ, హెచ్ఏఎల్ జట్లు ఉండేవి. పేద పిల్లవాడికి ఆటా, ఉద్యోగమూ ఒకే గుమ్మంలో దొరికేవి. ఆ గుమ్మాలు ఒక్కొక్కటే మూసుకుపోతూ వచ్చాయి.

ఫలితం ఏమిటో చూడండి. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. మనమూ గ్రూపులో టపాకాయల బొమ్మలు పెట్టుకున్నాం. ఆ రోజు మైదానంలో దిగిన హైదరాబాద్ పదకొండు మందిలో తెలుగు రాష్ట్రాల పిల్లవాడు ఒక్కడూ లేడు. 1956లో ఒలింపిక్స్‌కు ఆటగాళ్లను గుంపుగా పంపిన ఊరు అది. పిల్లల కాళ్లలో బలం తగ్గిందా? తగ్గలేదని మా నమ్మకం. తగ్గింది సైకిల్ ఇప్పించే చేతులు.

ఇప్పుడు మా సొంత సంగతి ఒకటి చెప్పుకోవాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మేము గుమస్తాగా ఉన్న ఒక ఆఫీసులో, చాలా ఏళ్ల కిందట, స్పోర్ట్స్ కోటాకు ఒక కుర్రవాడు వచ్చాడు. గోల్‌కీపర్. మన పక్కవాడే, తెలుగువాడు. గ్రౌండులో చూసినవాళ్లు బాగా ఆడాడన్నారు. కాగితాలు మా టేబుల్ మీదికి వచ్చాయి. మార్క్స్ కార్డులో ఒక పుట్టిన తేదీ, పంచాయితీ పత్రంలో ఇంకో తేదీ. ఆటల సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, మిగతా వాటిలో వెనక. రూలు ప్రకారం 'పత్రాలు సరిపోలడం లేదు' అని నోట్ పెట్టాలి. పెట్టింది మేమే. ఆ పిల్లవాడు కిటికీ దగ్గరికొచ్చి, 'సార్, సరిచేసుకుని వస్తే తీసుకుంటారా?' అని అడిగాడు. గడువు అయిపోయిందని చెప్పాం. రూలు తప్పు కాదు, నోట్ కూడా తప్పు కాదు. ఆ పిల్లవాడికి పదో తరగతిలోనే 'నాయనా, ఈ రెండు తేదీలూ ఒకటి చేసుకో' అని చెప్పే మనిషి ఒక్కడు ఊళ్లో లేకపోవడం తప్పు. రిటైరయ్యాం, పింఛను తీసుకుంటున్నాం, ఆ కిటికీ మాత్రం ఇంకా కళ్ల ముందే ఉంది.

అందుకే కాగితాల సంగతి గట్టిగా చెబుతున్నాం. రైల్వే స్పోర్ట్స్ కోటాలో నూరు మార్కులకు లెక్క వేస్తారు. గ్రౌండులో ఆట చూసి ఇచ్చేది 40. ఆడిన పోటీల సర్టిఫికెట్లకు 50. చదువుకు 10. అంటే కళ్ల ముందు ఆడి చూపించిన ఆటకన్నా, ఇంతకు ముందు ఆడానని చూపించే కాగితానికే బరువెక్కువ. వయసు 18 నుంచి 25 లోపు. కుర్రవాళ్ల ఫుట్‌బాల్ పోటీల్లో వయసు తేల్చడానికి చేతి ఎముకల ఎక్స్‌రే పరీక్ష కూడా ఉంది. ఆధార్‌లో ఒక తేదీ, స్కూల్లో ఒక తేదీ పెట్టుకుని పోతే ఎంత ఆడినా వెనక్కే. పుట్టినప్పుడు నమోదు చేయించక ఏడాది దాటిందంటే పత్రానికి మెజిస్ట్రేటు ఆర్డరు కావాలి. అది ఒక్క రోజులో అయ్యే పని కాదు.

'ఐటీఐ చేర్పించండి' అన్న అన్నకు ఇదే మా జవాబు. చేర్పిద్దాం అన్నా, ఎవరు వద్దన్నారు? ఆటా చదువూ ఒకదానికొకటి శత్రువులు కావు. ఐఎస్ఎల్ దొరక్కపోయినా రాష్ట్రం జట్టుకు ఆడిన సర్టిఫికెట్ పిల్లవాడికి ఉద్యోగం గుమ్మం దాకా దారి చూపొచ్చు. తొంభై ఒక్క చోట్లే చూసి భయపడకండి, వాటి కింద ఉన్న మెట్లు కూడా లెక్కలోకి తీసుకోండి.

పావగడకు ఇంకో చిక్కు ఉంది. మనం కర్ణాటకలో ఉన్నాం, దాదాపు చుట్టూ ఆంధ్రే. అనంతపురంలో ఆర్‌డీటీ వాళ్ల ఆట మైదానాలు ఉన్నాయి, మనకు బెంగళూరు కన్నా అదే దగ్గర. పిల్లలు అక్కడ నేర్చుకోవచ్చు, మంచిదే. కానీ ఈ ఏడాది ఆ రాష్ట్రం జట్టుకు, వచ్చే ఏడాది ఈ రాష్ట్రం జట్టుకు అని రెండు పడవల మీద కాళ్లు పెడితే సర్టిఫికెట్ల వరస తెగిపోతుంది. ఎక్కడ ఆడాలో ముందే తేల్చుకోవాలి. తేల్చి చెప్పేవాడు ఉండాలి. పదిహేడేళ్ల పిల్లవాడికి ఇవన్నీ ఎట్లా తెలుస్తాయి?

ఒక హెచ్చరిక కూడా. రెండేళ్ల కిందట మన పిల్లలు ముగ్గురి దగ్గర 'సెలెక్షన్ ఫీజు' అని తలా ఎనిమిది వేలు తీసుకుని, ఒక పూట పరుగెత్తించి, చేతిలో ఒక రంగు కాగితం పెట్టి పంపినవాడు ఉన్నాడు. ఆ తల్లిదండ్రులు సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. చోటు ఇప్పిస్తామని ముందే వేలకు వేలు అడిగేవాడు చోటు అమ్ముకునేవాడే. ఇలాంటివాళ్ల నుంచి కాపాడటం సంఘం పని కాకపోతే సంఘం ఎందుకు?

ఆదివారం మేము పెట్టే తీర్మానం ఇది. ముప్పై వేలు మూడేళ్ల పాటు. ఆ డబ్బు బస్సు చార్జీకి, బూట్లకు, బెంగళూరులో రాత్రి ఉండాల్సి వస్తే వసతికి, రసీదు చూపిస్తేనే. సెలెక్షన్ ఫీజుకు ఒక్క రూపాయి లేదు. చదువు ఆగితే సాయం ఆగుతుంది. ఇరవై ఒక్క ఏళ్లకు ఇద్దరితో కూర్చుని నిజం మాట్లాడుకుంటాం, అప్పటికి పై మెట్టు దొరక్కపోతే ఉద్యోగం వైపు తిప్పుతాం. కాగితాల పని మాది. సంఘంలో ఏ పిల్లదైనా, ఏ ఆటైనా, ప్రతి నెలా మొదటి ఆదివారం మన సంఘం ఆఫీసులో కూర్చుంటాం, పుట్టిన తేదీ, పేరు సరిచేయించే అర్జీలు రాసిపెడతాం. ముప్పై ఏళ్లు ఇతరుల కాగితాల్లో తప్పులు వెతికిన చేతులు ఇవి, ఇప్పుడు దిద్దడానికి పనికొస్తాయి.

నిధి ఎక్కడిది అంటారు. పోయిన సన్మాన సభకు పందిరి, మైకు, శాలువాలు, భోజనాలు కలిపి ఎంతయిందో కోశాధికారి గారు లెక్క చదివారు, అందరూ విన్నారు. అందులో సగం చాలు.

పావగడలో ఎండ తప్ప ఏముంది అనేవాళ్లు ఒకప్పుడు. అదే ఎండకు తిరుమణి చుట్టుపక్కల 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు లేచింది. ఎండ మన తాతల కాలం నుంచీ ఉంది. పలకలు పెట్టి, లైను లాగినాకే అది కరెంటు అయింది. 'ముందు కరెంటు ఇవ్వు, తర్వాత లైను లాగుతాం' అని ఎండతో ఎవరూ అనలేదు. పిల్లలతో మాత్రం అదే అంటున్నాం.

ఇద్దరికీ చోటు దొరుకుతుందని మేము హామీ ఇవ్వలేం. దొరక్కపోవచ్చు. కానీ దొరకనిది ఆట చాలక కావాలి, బస్సు చార్జీ లేక, తేదీ తప్పు పడి కాకూడదు. ఆ ఒక్క మాట మీద ఓటు అడుగుతున్నాం. శాలువా కప్పాలనుకునే పెద్దలు దాన్ని మడతపెట్టి బీరువాలో ఉంచండి, ఎక్కడికీ పోదు. ఆదివారం పది గంటలకు కలుద్దాం.