మిషనుకు నీరసం

మనిషికి నీరసం వస్తే వైద్యుడు ముందు నాడి చూస్తాడు, నాలుక చాపమంటాడు, ఆకలి ఎలా ఉందని అడుగుతాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే 'గుండె మార్చాలి' అనడు. మిషను దగ్గరకు వచ్చేసరికి మనకు ఆ పాటి ఓపిక కూడా ఉండదు.

బెజవాడలో మా ఎదురింటి కుర్రవాడికి లేజరు మిషను ఉన్నది. గుమ్మాలకు తగిలించే పేరు పలకలు, బడిపిల్లల బహుమతి షీల్డులు, పెళ్ళివారి పేర్ల బోర్డులు చేస్తాడు. మిషను కొన్ననాటికే పాతది. ఈ వేసవిలో పెళ్ళిళ్ళ ఆర్డర్లు మీద పడ్డ సమయానికి దానికి శక్తి ఉడిగిపోయింది. ఒక్కసారి తెగవలసిన అక్రిలిక్ పలక రెండుసార్లు కోసినా తెగడం లేదు.

"మామయ్యగారూ, ట్యూబు పోయిందట. కొత్తది వేయాలట" అంటూ వచ్చాడు.

"ఎవరు చెప్పారు?"

"ట్యూబులు అమ్మే ఆయనే."

వెనకనే వాళ్ళ అమ్మ వచ్చింది. "గాజులు తాకట్టు పెడదామనుకుంటున్నాం అన్నయ్యగారూ. మీరు ఒక్కసారి చూసి చెప్పండి" అన్నది. ఆవిడ చేతికి ఉన్నవి ఆ రెండు గాజులే. ఇక చూడక తప్పలేదు.

ఈ మిషనులో కిరణం పుట్టేది పొడుగాటి గాజు గొట్టంలో. అందులో బొగ్గుపులుసు గాలి, నత్రజని, హీలియం కలిపి మూసివేస్తారు. విద్యుత్తు తగలగానే నత్రజని ఉద్రేకపడి, ఆ శక్తిని బొగ్గుపులుసు గాలికి అందిస్తుంది. అది కంటికి కనపడని కిరణంగా వెలువడుతుంది. హీలియం చల్లబరిచే పని చూస్తుంది. 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఈ లేజరును కనిపెట్టిన కుమార్ పటేల్ మన దేశంవారే. మహారాష్ట్రలో బారామతిలో పుట్టారు. గొట్టంలో పుట్టిన కిరణం మూడు అద్దాల మీద పడి మలుపులు తిరిగి, చివరకు ఒక లెన్సులో నుంచి దిగి, సూదిమొన అంత చోట కేంద్రీకరించి, పలకను కాలుస్తుంది. ఇంత దారిలో శక్తి ఎక్కడైనా పోవచ్చు గదా! దారి చివర తక్కువైతే నేరం మొదటిదానిదేనని ఎలా చెప్పగలం?

కుర్రవాణ్ణి మూడు ప్రశ్నలు అడిగాను. నీరసం ఒక్కసారిగా వచ్చిందా, మెల్లమెల్లగానా? రోజంతానా, ఏదో ఒక వేళనా? పలక అంతటా ఉందా, ఒక మూలనేనా?

ఒక్కసారిగా వస్తే అద్దం కదలడమో, లెన్సు పగలడమో, కరెంటు సరఫరా పెట్టె చెడడమో అయి ఉండవచ్చు. మెల్లగా వస్తే మసి అయినా కావాలి, వయస్సు అయినా కావాలి. మధ్యాహ్నం మాత్రమే వస్తే నీటిని అనుమానించాలి. ఒక మూలనే ఉంటే అద్దాలు దారి తప్పాయన్నమాట.

"మెల్లగానే వచ్చింది. మధ్యాహ్నం మరీ ఎక్కువ. నా వైపు కుడిమూల అసలు కోయదు" అన్నాడు. ఒక్క రోగికి మూడు జబ్బులు!

అసలు ఎంత తగ్గిందో కొలవడానికి పాత లెక్క ఒకటి కావాలి. అది వీడు రాసుకోలేదు. అప్పుడు చెల్లెమ్మకు తట్టింది. మిషను వచ్చిన రోజున మొట్టమొదట చెక్కిన 'శ్రీరామ' పలక దేవుడి గదిలో ఉన్నది. దాని ఫైలు, వేగంతో సహా, కంప్యూటరులో అలాగే ఉన్నది. అదే రకం పలక మీద, అదే వేగంతో మళ్ళీ చెక్కించి, రెంటినీ పక్కపక్కన పెట్టాము. పాత అక్షరంలో గోరు దిగుతున్నది, కొత్తదానిలో జారిపోతున్నది.

ఖర్చు లేనిదానితో మొదలుపెట్టాము. మిషను ఆపి, ప్లగ్గు పీకి, లెన్సు తీస్తే దాని మీద పొగ పేరుకుని గోధుమరంగు మచ్చ ఉన్నది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన మెత్తని దూదితో, నొక్కకుండా తుడిచి ఆరనిచ్చాము. చొక్కా చెంగుతో తుడిస్తే గీతలు పడతాయి. ఇది మామూలు గాజు కాదు, జింకు సెలెనైడు; పగిలితే ముక్కలు వట్టి చేత్తో ఏరరాదు. తిరిగి పెట్టేటప్పుడు ఉబ్బు వైపు పైకి, చదును వైపు పలకకేసి ఉండాలి. తలకిందులైతే చుక్క మొద్దుబారి, ఆ పాపం కూడా ట్యూబు నెత్తినే పడుతుంది. తరవాత అద్దాలు తుడిచాము.

ఆపైన అద్దాల వరుస. అద్దం ముందు కాగితం అంటించి, మూత మూసి, ఒక్క క్షణం కిరణం వదిలాము. బండి దగ్గరగా ఉన్నప్పుడు పడిన మచ్చ, దూరంగా ఉన్నప్పుడు పడిన మచ్చ ఒకదాని మీద ఒకటి పడాలి. మనవాడివి బియ్యపుగింజంత ఎడంగా పడ్డాయి. రెండో అద్దం మరను రవ్వంత తిప్పి సరిచేశాము. కుడిమూల దారికి వచ్చింది. కిరణం కనపడదు గనక భయం కలగదు. కాని కంటిని కాల్చగలదు. మూత తీసి ఈ పరీక్ష చేయరాదు.

మూడోది నీళ్ళు. గొట్టాన్ని చల్లబరిచే నీళ్ళు బకెట్లో ఉన్నాయి. పచ్చగా నాచు పట్టి, మధ్యాహ్నానికి స్నానానికి పనికివచ్చేటంత వెచ్చబడ్డాయి. లోపలి వాయువు వేడెక్కితే లేజరు శక్తి తగ్గడం దాని స్వభావం. కుర్రవాడు అందులో ఐసుగడ్డలు వేస్తున్నాడట! గాజు పగలవచ్చు, చెమ్మ పట్టి అధిక ఓల్టేజి నిప్పురవ్వలు దూకవచ్చు. బోరునీళ్ళు పారబోసి, డిస్టిల్డ్ వాటరు పోసి, స్నేహితుడి దగ్గర చల్లబరిచే చిల్లరు పెట్టె అరువు తెచ్చి తగిలించాడు.

చివరకు మిల్లీ ఆంపియరు మీటరు చూశాము. మిషను అమ్మినవాడు పెన్సిలుతో పక్కన రాసి ఉంచిన అంకె దగ్గరే ముల్లు నిలబడింది. అంటే సరఫరా పెట్టె తన పని తాను చేస్తున్నది. ముల్లు లేవకపోయి ఉంటే నేను అక్కడితో ఆగి, తెలిసిన మెకానిక్కును పిలిపించేవాణ్ణి. ఆ పెట్టెలో పుట్టేది పదిహేను ఇరవై వేల ఓల్టులు. స్విచ్చి ఆపినా కాసేపు లోపల దాగి ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో దాన్ని విప్పడం ధైర్యం కాదు, తెలివితక్కువ.

అన్నీ అయ్యాక మళ్ళీ 'శ్రీరామ' చెక్కించాము. గోరు దిగింది. పాతదానంత కాదు, ఒక వెంట్రుకవాసి తక్కువ.

"ఆ వెంట్రుకవాసి ఏమిటి మామయ్యగారూ?"

"అది వయస్సు, నాయనా."

గొట్టంలోని బొగ్గుపులుసు గాలి కొంత కొంతగా విడిపోతుంది. హీలియం సందు చూసుకుని జారుకుంటుంది. దుకాణంలో నింపుకునే ఉపాయం లేదు. ట్యూబు అమ్మే ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధమేమీ కాదు. నెలలు ముందు చెప్పాడు, అంతే. కరెంటు పెంచి ఆ లోటు పూడ్చుకోవచ్చునని కుర్రవాడి ఆశ. ముసలి ఎద్దును ముల్లుకర్రతో పొడిస్తే నాలుగడుగులు జోరుగా వేసి కూలబడుతుంది. కరెంటు మీద చేయి వేయక, కోసే వేగం తగ్గించమన్నాను.

గాజులు చెల్లెమ్మ చేతికే ఉన్నాయి. పెళ్ళిళ్ళ పలకలన్నీ ముహూర్తాలకు ముందే అందాయి. కుర్రవాడు నెలనెలా కొంత డబ్బు ట్యూబు కోసమని విడిగా దాస్తున్నాడు. ఇప్పుడే కొని అటక మీద పెడతానంటే వద్దన్నాను. వాడకపోయినా ట్యూబు ముసలిదవుతుంది. ప్రతి నెల మొదటి తేదీన ఒక చిన్న 'శ్రీరామ' చెక్కి, వెనక తేదీ రాసి, వరుసగా పేరుస్తున్నాడు. ఇక ఆ మిషను ఎంత ముసలిదైందో ఎవరో వచ్చి చెప్పనక్కరలేదు. వాడి గోరే చెబుతుంది.