చెయ్యి దాటని ఉంగరం

బాలలారా! ఎక్కడో దూరదేశంలో ఉన్న కంప్యూటరును ఇంట్లో కూర్చునే నడిపించవచ్చునని మీకు తెలుసునా? అందరికీ పనిచేసిపెట్టే పెద్ద కంప్యూటర్లను సర్వర్లు అంటారు. వాటిని చూసుకునేవారు తమ గదిలోనుంచే ఆజ్ఞలు పంపుతారు.

పూర్వం ఇందుకు టెల్నెట్ అనే పద్ధతి వాడేవారు. అందులో పాస్‌వర్డు కార్డుముక్క మీద రాసిన ఉత్తరంలాగా పోయేది. దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. 1995లో ఫిన్లాండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో దొంగలు అలాగే పాస్‌వర్డులు కాజేశారు. అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ ఊరుకోలేదు. ఆ ఏడే ఎస్.ఎస్.హెచ్. అనే కొత్త పద్ధతి తయారుచేసి, అందరికీ ఉచితంగా ఇచ్చాడు.

ఇందులో మాటలన్నీ గూఢలిపిలో పోతాయి. పాస్‌వర్డుకు బదులు జంట తాళంచెవులు కూడా వాడవచ్చు. మొదటిది రహస్యం, రాజుగారి ముద్ర ఉంగరం వంటిది. అది మన కంప్యూటరు దాటి పోదు. రెండవది ఆ ముద్రను పోల్చుకునే నమూనా. దాన్ని సర్వరు దగ్గర ఉంచుతాం. దారిన పోయేది ముద్రే గాని ఉంగరం కాదు. ప్రతిసారీ కొత్త లేఖ మీద కొత్త ముద్ర గనుక, పాతది దొంగిలించినా పనికిరాదు.

మరి అవతలిది నిజమైన సర్వరేనా? మొదటిసారి దాని "వేలిముద్ర", అంటే ఒక అక్షరాల వరుస, తెరమీద కనబడుతుంది. "నమ్మవచ్చునా?" అని కంప్యూటరు అడుగుతుంది. చాలామంది చూడకుండానే "సరే" అంటారు. అది తప్పు. సర్వరు యజమాని ముందుగా ఇచ్చిన వరుసతో పోల్చి చూడాలి. సొమ్ము చేతికిచ్చేముందు మనిషిని పోల్చుకోమని పెద్దలు చెబుతారు గదా!