సంతకానికి ముందే కుదిరిన రేటు
1983 సెప్టెంబర్ 24, శనివారం. అమెరికన్ డాలరుకు 9.60 హాంకాంగ్ డాలర్లు! దుకాణాల్లో బియ్యం, నూనె కోసం ఎగబడ్డారు జనం. హాంకాంగ్ భవిష్యత్తుపై బీజింగ్‌లో బ్రిటన్, చైనాల నాలుగో విడత చర్చలు ఏమీ తేలకుండా ముగిసింది ఆ ముందురోజే. హాంకాంగ్‌కు ధైర్యమిచ్చింది దాన్ని చైనాకు అప్పగించే ఒప్పందంపై 1984 డిసెంబర్ 19న బ్రిటన్ ప్రధాని థాచర్, చైనా ప్రధాని జావో జియాంగ్ చేసిన సంతకాలేనని చరిత్రకారులు రాస్తారు. నాకు మాత్రం అంతకు పద్నాలుగు నెలల ముందు, అక్టోబర్ 17న, మారకాన్ని అమెరికన్ డాలరుకు 7.80 హాంకాంగ్ డాలర్లకు కట్టేయడమే అసలు ఒప్పందంలా కనిపిస్తుంది. దాని తీరు చూడండి: నోట్లు జారీచేసే బ్యాంకు ప్రతి 7.80కీ ఒక అమెరికన్ డాలరును ముందుగా ప్రభుత్వ నిధిలో జమ కట్టాలి. అంటే ఎవరి మాటనూ నమ్మక్కర్లేదు, ఖజానాలో సొమ్ముందా లేదా చూసుకుంటే చాలు. సంతకాలే పడకుంటే ఆ కట్టు మాత్రం నిలిచేదా అంటారా? కష్టమే, ఒప్పుకుంటాను. కానీ సంతకాలయ్యాక కూడా వలసలు ఆగలేదే! 1989లో బీజింగ్ తియనాన్మెన్ కాల్పుల తర్వాత మరీ పెరిగాయి. ఏడు ఎనభై మాత్రం 1997లో చైనాకు జరిగిన అధికార మార్పిడినీ, దాని వెన్నంటే వచ్చిన ఆసియా సంక్షోభాన్నీ తట్టుకుంది. ఒప్పందంలోని హామీని నమ్మక ఇల్లమ్ముకుని కెనడా విమానమెక్కినవాళ్లు సైతం తమ సొమ్మును అమెరికన్ డాలర్లుగా మార్చుకున్నది ఇంచుమించు ఆ రేటుకే.