ఉప్పు లెక్క ఎవరు చెప్పవలెను?

రాత్రి డ్యూటీ ముగించుకొని సూరత్ స్టేషనులో దిగు రన్నింగ్ సిబ్బందికిని, తెల్లవారుజామున సంచులు విప్పు ఆర్.ఎం.ఎస్. సోదరులకును దొరుకు ఫలహారమేమి? గాఠియా, ఖమణ్, లోచో, వేయించిన మిరపకాయ, చాయి. వేడిగా నుండును, చవుకగా నుండును, ఆకలి తీరును. అందులో సోడియం ఎంత యున్నదో తినువానికిని తెలియదు, అమ్మువానికిని తెలియదు.

పెద్దలకు దినమునకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా 2,000 మిల్లీగ్రాముల సోడియం. ప్రపంచములో సగటు మనిషి దీనికి రెట్టింపునకు పైగా తినుచున్నాడని ఆ సంస్థయే 2023లో ప్రకటించెను. ఉప్పు తగ్గించుడని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయు 2024 సూచనలలో చెప్పినది. సలహా మంచిదే. కాని ఖర్చెంతయో తెలియని వానిని పొదుపు చేయుమనుట ఎట్లు?

ఈ విషయమున నాలుక సాక్ష్యము చాలదు. ఖమణ్ పొంగుటకు వేయు తినుసోడాలోను, గాఠియాలోను అప్పడములలోను కలుపు క్షారములోను సోడియం కలదు. ఉప్పని నోటికి తోచదు. ఒక చిన్న చెంచా తినుసోడాలో సుమారు 1,200 మిల్లీగ్రాములు! పైన తీపి నీరు పోసిన ఖమణ్‌లో ఉన్న ఉప్పు కూడ మరుగున పడును.

మన ఇండ్లను కూడ తప్పించరాదు. తెలంగాణ జిల్లాల నుండి సూరత్ మరమగ్గములకు వచ్చిన పద్మశాలి కుటుంబముల వలెనే, మన ఉద్యోగులును ఊరు విడిచినను ఆవకాయ జాడీ విడువలేదు. విడువుమని మేమనుట లేదు. కాని ఉదయము గాఠియా, మధ్యాహ్నపు డబ్బాలో ఆవకాయ, ఊరమిరపకాయ, అప్పడము చేరినచో సాయంకాలమునకు ముందే దినభత్యము ముగియును.

రక్తపోటు నొప్పి తెలియకయే పెరుగును. లోకో పైలట్ వైద్యపరీక్షలో అనర్హుడైనచో వేరు ఉద్యోగము చూపుదురు గాని, బండి నడపినందుకు వచ్చు భత్యము పోవును. ఎండలో తిరుగు పోస్టుమేను తనకు చెమట పోయుచున్నది గనుక ఉప్పు కావలెననును. చెమటలో ఉప్పు పోవుట నిజమే. కాని మన మామూలు భోజనములో అది చాలినంత కలదు. అతనికి ముందు కావలసినది నీరు.

పొట్లము కట్టిన సరకుపై సోడియం ముద్రింపవలెనని 2020 నిబంధనలు. అక్కడను ఒక మెలిక యున్నది: అంకె తరచుగా 100 గ్రాములకు ఉండును. 100 గ్రాములకు 800 మిల్లీగ్రాములని యుండి పొట్లము 150 గ్రాములైనచో, మొత్తము తినువానికి 1,200 చేరును. విడిగా అమ్ము తినుబండారమునకు ఆ అంకెయు లేదు. పది లేక అంతకు మించిన చోట్ల శాఖలున్న హోటళ్లు ధరల పట్టికపై కేలరీలు చూపవలెనని అవే నిబంధనలు చెప్పుచుండగా, వేలమంది కార్మికులు తిను క్యాంటీనునకు సోడియం చూపుట ఏమి భారము?

ప్రయోగశాల అక్కరలేదు. వంటకు ముందు ఉప్పు తూచి, ఎన్ని పళ్లెములు వచ్చినవో చూచి భాగించిన చాలును. ఉప్పు ఒక గ్రామునకు సోడియం 400 మిల్లీగ్రాములు. సోడా వేసినచో దాని లెక్క చేర్చవలెను.

1930 ఏప్రిల్ 6న గాంధీజీ ఉప్పు తీసిన దండి నాడు సూరత్ జిల్లాలోనిదే. నాడు ఉప్పుపై పన్ను ఎంతయో కూలివానికిని తెలియును. నేడు తన పళ్లెములో ఉప్పెంతయో విద్యావంతుడైన గుమాస్తాకు తెలియదు.

క్యాంటీను నిర్వాహక సంఘములలో మన ప్రతినిధులున్నారు. ధర పెరిగినప్పుడే వారు నోరు విప్పుట చూచుచున్నాము. రాబోవు సమావేశములలో ఈ అంశమును చేర్చి, క్యాంటీన్లలోను, రన్నింగ్ రూములలోను, ప్లాట్‌ఫారం స్టాళ్లలోను ధర ప్రక్కనే పళ్లెమునకు ఇంత సోడియమని వ్రాయించుడని శాఖలను కోరుచున్నాము. ఆ పలక గుజరాతీ, హిందీలతో పాటు తెలుగులోను ఉండవలెను.