వెంట్రుక మాటే వేదమా?

సంపాదకులకు,

మత్తుమందుల వాడకం పట్టుకోవడంలో వెంట్రుక పరీక్షకు తిరుగులేదన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి మూడు సెంటీమీటర్ల ముక్కలో మూడు నెలల ఆనవాళ్లు దొరుకుతాయి, నిజమే. కానీ పొగ, పొడి బయటినుంచీ అంటుకుంటాయి. మెలనిన్ ఎక్కువున్న నల్ల జుట్టు కొకైన్‌ను మరింతగా పట్టి ఉంచుతుంది. మనలో ఎక్కువమందిది నల్ల జుట్టే!

కెనడాలో, టొరంటోలోని మదరిస్క్ ల్యాబ్ ఏళ్లతరబడి ప్రాథమిక పరీక్ష ఫలితాలనే, మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే నిర్ధారణ పరీక్షతో సరిచూడకుండా, పంపింది. వాటిని నమ్మి తల్లుల నుంచి బిడ్డల్ని వేరుచేశారు. ఆ పరీక్షలను సమీక్షించిన జస్టిస్ సుసాన్ లాంగ్ 2015లో అవి నమ్మదగినవి కావని తేల్చేసరికి కొందరు పిల్లలు దత్తతకు వెళ్లిపోయారు. ఆ తల్లులకు ఎవరు జవాబు చెబుతారు? రెండో పరీక్షతో నిర్ధారించని నివేదికను ఏ కోర్టూ, ఏ యాజమాన్యమూ స్వీకరించకూడదు.

– ఒక పాఠకురాలు, విజయవాడ