పరీక్షలో రాని పుస్తకాలు

సాయంత్రం ఆరు దాటితే మన ఇళ్లలో ఎక్కువగా వినిపించే మాట ‘చదువుకో’. దాని అర్థం పిల్లలకు బాగా తెలుసు. రేపటి స్లిప్ టెస్టు, వారాంతం పరీక్ష, వర్క్‌బుక్‌లో మిగిలిపోయిన పేజీలు. అదే సమయంలో పిల్ల కథల పుస్తకం పట్టుకుని కూర్చుంటే ‘చదువుకోకుండా ఏం చేస్తున్నావ్?’ అని అడుగుతాం. చేతిలో పుస్తకం ఉన్న పిల్లను చదవడం లేదని కోప్పడడం మనకు వింతగా కూడా అనిపించదు.

తోటి తల్లిదండ్రులకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పరీక్ష కోసమే చదివే పిల్లలకు ఒకే రకంగా చదవడం అలవాటవుతుంది. పాయింట్లు వెతకడం, గీత గీయడం, బట్టీ పట్టడం. రకరకాల పుస్తకాలు చదివితేనే రకరకాలుగా చదవడం వస్తుంది. దసరా సెలవులు కలిసొచ్చిన గత నెలలో, ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగు పుస్తకాలు మా ఇంట్లో కావాలనే ఎంచుకున్నాం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. రోజూ భోజనాలయ్యాక 20 నిమిషాలు, టీవీ కట్టేసి చదివాం.

మొదటిది సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’. మొత్తం 100 కథలు, బాపు బొమ్మలతో వచ్చినవి. ఒక్కొక్కటి చాలా చిన్నది కాబట్టి రాత్రికి ఒక కథ హాయిగా అయిపోతుంది. మా అమ్మాయికి తెలుగు మాట్లాడడం ధారాళంగా వచ్చు గానీ, చదవడం మాత్రం కూడబలుక్కునే. అందుకని మొదటి వారం నేనే పైకి చదివాను, తను విన్నది. రెండో వారం చెరో పేరా. మూడో వారానికి వత్తుల దగ్గర ఆగడం తగ్గింది. చెవికి ముందు పరిచయమైన వాక్యం కంటికి తేలిగ్గా అందుతుందని అప్పుడు అర్థమైంది.

రెండోది ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. ఆయన 1830 మే నెలలో మద్రాసు నుంచి దాదాపు వంద మందితో బయలుదేరి, కాశీ చూసుకుని, 15 నెలల తర్వాత తిరిగొచ్చారు. దారి ఎలా ఉంది, ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుంది, నీళ్లు ఎలాంటివి అన్నవన్నీ రాసుకుంటూ వెళ్లారు. ఆ కాలపు భాష కావడంతో ప్రతి పేజీలో రెండు మూడు చోట్ల ఆగాల్సి వచ్చింది. పక్కన ఫోన్‌లో మ్యాప్ తెరిచి, అహోబిలం, శ్రీశైలం అంటూ వేలితో దారి గీసుకుంటూ హైదరాబాదు దాకా వచ్చి ఆపేశాం. సగం కూడా కాలేదు. పూర్తి చేసి తీరాలన్న పట్టుదల సిలబస్‌కు ఉండాలి గానీ, ఇష్టంగా తెరిచిన ప్రతి పుస్తకానికీ అక్కర్లేదు. ఇంకోసారి మళ్లీ హైదరాబాదు నుంచి బయలుదేరవచ్చు.

మూడోది అబ్దుల్ కలాం ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’, తెలుగులో ‘ఒక విజేత ఆత్మకథ’. కలాం గురించి మన పిల్లలకు తెలిసింది ఎక్కువగా గోడల మీద రాసే కొటేషన్లే. పుస్తకంలో ఉన్నది వేరు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 దారి తప్పి సముద్రంలో పడింది. ఆ ప్రాజెక్టు డైరెక్టర్ ఆయనే. తప్పెక్కడ జరిగిందో వెతికి సరిచేసి, 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టారు. ఆ భాగాన్ని మా అమ్మాయి రెండుసార్లు చదివి, రాకెట్ దశలు ఒక్కొక్కటీ కాగితం మీద బొమ్మ వేసుకుంది. ఎవరూ వేయమనలేదు. కథలా సాగిపోతే అర్థం కాని పేజీలు కొన్ని ఉంటాయని, వాటి దగ్గర పెన్సిల్ పట్టుకోవాలని తనకే తెలిసింది.

నాలుగోది జపాన్ రచయిత్రి టెట్సుకో కురోయనాగి 1981లో రాసిన ‘టొటో-చాన్’, తెలుగులో ‘రైలుబడి’. ఒకటో తరగతిలోనే ఒక బడి వద్దనుకున్న పాపను, పాత రైలు పెట్టెల్లో తరగతులు నడిపే ఇంకో బడి చేర్చుకుంటుంది. చేరిన రోజున హెడ్మాస్టరు ఆ పాప కబుర్లను నాలుగు గంటలు వింటారు. ఈ పుస్తకం తను ఒక్కతే రెండు రోజుల్లో ముగించి, ‘అమ్మా, మన స్కూల్లో ఇలా ఎందుకు కుదరదు?’ అని అడిగింది. ఆ బడి మొత్తంలో ఉన్నది 50 మంది పిల్లలని చెప్పాను. నాలుగు గంటలు మన వల్ల కాకపోవచ్చు. రోజుకు పది నిమిషాలు మార్కుల ఊసెత్తకుండా పిల్లల మాట వినడానికి మాత్రం రైలు పెట్టెలు అక్కర్లేదు.

నాలుగు పుస్తకాలు, నాలుగు వేగాలు. ఒకటి చెవితో, ఒకటి ఆగి ఆగి, ఒకటి పెన్సిల్‌తో, ఒకటి ఒక్క గుక్కలో. పాఠ్యపుస్తకం ఒక్కటే ఇవన్నీ నేర్పలేదు. అది దాని తప్పు కాదు, దాని పని వేరు.

‘తొమ్మిది, పది తరగతులకు వచ్చాక టైమ్ ఎక్కడుందండీ?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పరీక్షల వారంలో మేమూ పుస్తకాలు పక్కన పెట్టాం. మిగతా రోజుల్లో 20 నిమిషాలు దొరకని ఇల్లు ఉంటుందనుకోను. మన ఫోన్ల నుంచి తీసుకున్నా చాలు. ఇంకొందరు ‘దీనివల్ల మార్కులు పెరుగుతాయా?’ అంటారు. పెరగవచ్చు. కానీ ఆ ఆశతో మొదలుపెట్టవద్దని నా మనవి. ఎన్ని పేజీలయ్యాయి, పక్కింటి బాబు ఎన్ని చదివాడు అని చార్టు గీసిన రోజున ఇది కూడా ఇంకో సబ్జెక్టయి కూర్చుంటుంది.

అసలు నా భయం మార్కుల గురించి కాదు. మన పిల్లల్లో చాలామంది పదో తరగతితో తెలుగు పుస్తకం మూసేస్తారు. అప్పటికి తెలుగు చదవడం సులువు కాకపోతే, తర్వాత సరదాకైనా తెరవరు. అమ్మమ్మతో మాట్లాడే భాషలో అచ్చయిన ఒక్క కథనూ సొంతంగా చదువుకోలేని వాళ్లుగా మిగిలిపోతారు. దానికి ట్యూషన్ పెట్టించలేం.

పాఠశాల యాజమాన్యానికి రెండు విన్నపాలు. మిగిలిపోయిన సిలబస్‌కు లైబ్రరీ పీరియడ్‌ను ఇవ్వకండి. లైబ్రరీలో ఉన్న తెలుగు పుస్తకాలను పిల్లలు ఇంటికి తీసుకెళ్లనివ్వండి, అట్ట కాస్త నలిగినా సరే.

తల్లిదండ్రులకు ఒక్కటే. వచ్చే నెల పిల్లలకు ఒక పుస్తకం కొనేటప్పుడు మీ కోసం ఇంకొకటి కొనుక్కోండి. రెండూ ఒకే గదిలో, ఒకే సమయంలో తెరవండి.

— ఎనిమిదో తరగతి విద్యార్థిని తల్లి